కీర్తిశేషులు గారి కాలి బొటనవేలు

సినిమాల్లో చావడానికేముంది, అందరూ చస్తారు. హీరో అన్నగారు చస్తాడు, హీరోయిన్ తండ్రి చస్తాడు, విలనైతే చివరిదాకా మనల్ని చంపి అప్పుడు చస్తాడు. కానీ వాళ్ళంతా చచ్చేముందు కాసేపు బతికుంటారు. నాలుగు మాటలు చెబుతారు, వీలైతే ఒక పాట పాడతారు, ఆ తరువాతే గుండె పట్టుకుని ఒరిగిపోతారు. మన కథలో పెద్దమనిషికి ఆ బాదరబందీ ఏమీ లేదు. ఆయన తెరమీదికి రావడమే చచ్చి వచ్చేవాడు. మంచం మీద, కారు డిక్కీలో, నీళ్ళ ఒడ్డున, ఆసుపత్రి బల్ల మీద, ఎక్కడ పడుకోబెడితే అక్కడ శవం. వయసులో ఉన్నప్పుడు కుర్రశవం, పొట్ట వచ్చాక ఇంటిపెద్ద శవం, జుట్టు నెరిశాక తాతగారి శవం.

స్టూడియోలో ఆయన్ని సొంత పేరుతో పిలిచినవాడు లేడు. లైట్లు మోసేవాళ్ళ దగ్గర్నుంచి నిర్మాత దాకా అందరికీ ఆయన కీర్తిశేషులు గారే.

"కీర్తిశేషులు గారూ, టీ చెప్పమంటారా?"

"చెప్పు నాయనా. చక్కెర తక్కువ వెయ్యమను. ఈ వయసులో ఆరోగ్యం చూసుకోవాలిగా!"

ఆయన పనితనం గురించి స్టూడియోలో చెప్పుకునే కథలకు అంతు లేదు. ఒకసారి షాట్ మధ్యలో ఈగ వచ్చి ఆయన ముక్కు మీద వాలింది. గాలి సరిగా ఆడటం లేదనుకుందో ఏమో, ఒక రంధ్రంలోంచి లోపలికి వెళ్ళింది. వాకిలీ వసారా అంతా తిరిగి చూసుకుని, ఇల్లు నచ్చక, రెండో రంధ్రంలోంచి బయటికి వచ్చింది. ఈయన ఉలకలేదు, పలకలేదు. ఆ ఈగ పేరు కూడా టైటిల్సులో వేద్దామని దర్శకుడు ముచ్చటపడ్డాడట. ఇంకోసారి నిజం ఆసుపత్రిలో షూటింగ్. అక్కడి వార్డు మనుషులు స్ట్రెచర్లు తారుమారు చేసి ఈయన్ని తీసుకుపోయి మార్చురీలో పెట్టారు. కట్ అని ఎవరూ అనలేదు కాబట్టి ఈయన భోజనాల వేళ దాకా ఆ చలిలో అలాగే పడుకున్నాడు. పక్క బల్ల మీదాయన కంటే ఈయనే నమ్మకంగా ఉన్నాడని అక్కడి డాక్టరు మెచ్చుకున్నాడంటారు. నమ్మినవాళ్ళు నమ్మొచ్చు, నమ్మనివాళ్ళు ఆ డాక్టర్ని అడగొచ్చు. చివరికి భార్య క్యారేజీ పట్టుకుని వెతుక్కుంటూ వెళ్ళి లేపితే గానీ ఆయన లేవలేదు.

ఆ లేపడం గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే కథంతా దాని మీదే ఉంది.

ఆయన చావడం కాళ్ళ దగ్గర మొదలుపెట్టేవాడు. "అందరూ మొహం దగ్గర మొదలుపెడతారు, అందుకే దొరికిపోతారు" అనేవాడు. షాట్‌కి ముందు "నిశ్శబ్దం!" అని కేక పడగానే, నెత్తిమీద లైటు వెలగగానే, ముందు ఎడమకాలి బొటనవేలితో మాట్లాడేవాడు: నువ్వు నాదానివి కాదు, పో. అది పోయేది. తరువాత మడమ, మోకాలు, నడుము. ఛాతీ దగ్గరికి వచ్చేసరికి ఊపిరి దానంతటదే సన్నబడి దారప్పోగంత అయ్యేది. ఆఖరున కనురెప్పలు. చెవుల్ని చంపడం మాత్రం ఆయన వల్ల కాలేదు. అందుకని చచ్చి పడున్నా అన్నీ వినబడేవి.

దిగడం బాగానే ఉండేది, ఎక్కడంతోనే తంటా. దర్శకుడు కట్ అనేవాడు, లైట్లు ఆర్పేవాళ్ళు, అందరూ టీలకు పోయేవాళ్ళు, ఈయన ఇంకా అక్కడే. కుదిపినా రాడు, నీళ్ళు చల్లినా రాడు. రప్పించే కిటుకు ఒక్క భార్యకే తెలుసు. కెమెరాకు ఎడమపక్క రేకు స్టూలు వేసుకుని, ఒళ్ళో క్యారేజీ పెట్టుకుని కూర్చునేదావిడ. షాట్ అవగానే లేచి వచ్చి, ఎడమకాలి బొటనవేలి గోరు మీద తన బొటనవేలు ఆనించి ఒక్క నొక్కు నొక్కేది.

"ఇక లేవండి, అయిపోయింది."

అంతే. వేలు దగ్గర ప్రాణం మొదలయ్యేది. మోకాలు దాకా వచ్చేది, నడుం దాకా వచ్చేది, ఛాతీలోకి వచ్చి ఒక పెద్ద ఊపిరి, ఆ తరువాత కళ్ళు.

"ఒక్క శవానికి ఇద్దరు మనుషుల్ని పిలవాల్సొస్తోంది" అని ప్రొడక్షన్ మేనేజరు సణిగేవాడు.

"పోనీ మీరే నొక్కండి బాబూ, నాకూ ఇంట్లో పని ఉంది" అనేదావిడ. ఆయన నొక్కి చూశాడు కూడా. ఉహుఁ.

వాళ్ళకొక్కత్తే కూతురు. చిన్నప్పుడు తల్లి కొంగు పట్టుకుని సెట్టుకొచ్చి "నేను నొక్కుతానమ్మా, ఒక్కసారమ్మా" అని గంతులేసేది. "నీ బలమంతా పెట్టి నొక్కుతావు, మీ నాన్న కెవ్వుమంటాడు. ఇది నా పనే తల్లీ, నువ్వు పోయి ఆడుకో" అని తల్లి ఎప్పుడూ చేయి అడ్డం పెట్టేది. ఆ ఒక్క విషయంలో ఆవిడ మహా పిసినారి.

ఆవిడ పోయింది.

మధ్యాహ్నం వంటింట్లో కూలబడితే ఆసుపత్రికి తీసుకెళ్ళారు. మంచం చుట్టూ చుట్టాలు, తలా ఒక మాట. డాక్టరు చిన్న టార్చి తీసి వెలిగించాడు. నర్సు వెనక్కి తిరిగి "నిశ్శబ్దం! అందరూ కాస్త నిశ్శబ్దం!" అంది. డాక్టరు ఆవిడ కనురెప్ప ఎత్తి లైటు వేశాడు.

లైటు, ఆ మాట. జన్మంతా ఆ రెండింటి మీదే బతికిన మనిషి. మంచం పక్కన నిలబడినవాడు నిలబడినట్టే, ముందు ఆయన బొటనవేలు పోయింది. తరువాత మడమ. గోడ ఆనుకుని ఉన్నాడు కాబట్టి పడలేదు. కూతురు "అమ్మా!" అని అరవడం వినబడింది. మరదలు శోకాలు పెట్టడం వినబడింది. డాక్టరు "సారీ అండీ" అనడం, ఎవరో స్టూలు జరపడం, కారిడార్లో బకెట్ చప్పుడు, అన్నీ స్పష్టంగా వినబడ్డాయి.

ఆ తరువాత ఆయన్ని ఎవరూ లేపలేదు.

నడిచాడు, పెట్టింది తిన్నాడు, ఎవరైనా వస్తే కుర్చీలో కూర్చున్నాడు. కంట్లో చుక్క నీరు లేదు. బావమరిది మొహం మీదే అనేశాడు: "ఏం బావా, మా అక్క పోతే ఒక్క చుక్క కూడా కార్చవా? గ్లిజరిన్ తెప్పించమంటావా?" దానికీ పలకలేదు. వచ్చినవాళ్ళు గుమ్మం దాటాక గొంతు తగ్గించి "రాయండీ, రాయి" అనుకుంటూ వెళ్ళారు. చెవులు పనిచేస్తున్నాయిగా, అదీ విన్నాడు.

ఒకరోజు కూతురు ఆయన కుర్చీ ముందుకు వచ్చి నిలబడింది.

"నాన్నా, ఇక్కడ కెమెరా లేదు. ఎవరి కోసం ఈ నటన?"

ఆయన ఆమె మెడ దగ్గర గొలుసు కొక్కెం చూశాడు. వంకరపోయింది, బాగు చేయించాలి అనుకున్నాడు. ఆ మాట కూడా పైకి రాలేదు.

కూతురు ఒక వాషింగ్ మెషీన్ల కంపెనీలో ఫోన్ దగ్గర కూర్చుంటుంది. మెషీన్ తిరగలేదనీ, తిరిగితే ఆగలేదనీ రోజంతా జనం తిడతారు. "అర్థమైందండీ, క్షమించండి" అనడం ఆమె ఉద్యోగం. సాయంత్రం ఇంటికొస్తే ఈ మౌనం. "పరాయివాళ్ళు అన్ని అరుపులు అరుస్తారు నాన్నా. వాళ్ళకి మెషీన్ పాడైనందుకే అంత బాధ. మనింట్లో మనిషి పోతే ఒక్క అరుపు లేదు" అంది ఇంకోరోజు. ఆ వారమే వేరే ఊరి ఆఫీసుకు బదిలీ అడిగింది. వాళ్ళు ఎగిరి గంతేసి ఇచ్చారు.

అలాంటి రోజుల్లో వచ్చింది ఫోను. కూతురే తీసింది. ఏటేటా జరిగే సినిమా అవార్డుల కమిటీ నుంచి.

"మీ నాన్నగారికి ఉత్తమ సహాయనటుడిగా నామినేషన్ వచ్చిందండీ."

"మా నాన్నకా? ఏం చేశాడని?"

"ఏమీ చెయ్యలేదండీ. అందుకే."

ఆ సినిమా సంగతి ఇది. ఒక ఇంటి హాల్లో తండ్రి శవం ఉంటుంది. చుట్టూ పిల్లలు ఇంటి కోసం పోట్లాడుకుంటారు. బొమ్మ మొదలయ్యేసరికే ఆయన పోయుంటాడు, అయిపోయేసరికీ లేవడు. చూసొచ్చినవాళ్ళది ఒకటే మాట: "ఒరేయ్, ఆ శవం వింటోందిరా!" పెద్దకొడుకు అబద్ధమాడినప్పుడల్లా శవానికి కోపమొచ్చినట్టుంటుంది. పరీక్షగా చూస్తే మొహంలో వెంట్రుకైనా కదలదు. ఏం చేస్తున్నాడో తెలియక పెద్ద పెద్ద నటులు రెండోసారి టిక్కెట్టు కొనుక్కుని చూశారు. అది తీసినప్పుడు భార్య బతికే ఉంది. ఎడమపక్క స్టూలు మీద కూర్చుని, షాట్‌కీ షాట్‌కీ మధ్య లేపుతూనే ఉంది.

"నాన్నా, నీకు నామినేషన్ వచ్చింది" అంది కూతురు.

"సరే."

"సరేనా? అంతేనా?"

ఆయన ఆలోచించాడు. "మంచిదే" అన్నాడు.

ఆమె వంటింట్లోకి వెళ్ళి గిన్నెలు కొంచెం గట్టిగానే కడిగింది. కాసేపటికి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "ఇద్దరికి పిలుపు. నేను వస్తాను. నిన్ను అలాంటి సభలో చూడాలని అమ్మకి ఎప్పట్నుంచో ఆశ కాబట్టి వస్తాను. ఆ మర్నాడు పొద్దున్నే నా బండి. సామాను సర్దేసుకున్నాను. వెళ్తున్నానని చెబుతున్నాను నాన్నా, వింటున్నావా?"

వింటున్నాడు. వెళ్ళకమ్మా అనాలి. ఆ మాట ఎక్కడుందో కూడా ఆయనకు తెలుసు, పొట్టలో బొడ్డుకు కాస్త పైన. అక్కడి నుంచి నోటిదాకా తీసుకొచ్చే మనిషి లేడు. ఈ పిల్ల కూడా వెళ్ళిపోతే తను ఆ కుర్చీలోనే ఉండిపోతాడనీ, ఇక ఎప్పటికీ లేవడనీ పక్కింటాయన గురించి తెలిసినంత మామూలుగా ఆయనకు తెలిసింది.

"సరే" అన్నాడు.

*

అవార్డుల ముందురోజు బూట్లు కొనడానికి తీసుకెళ్ళింది. కీర్తిశేషులు గారు జన్మలో బూట్లు తొడిగినవాడు కాదు. శవాలకు బూట్లెందుకు? షాపువాడు నల్లగా నిగనిగలాడే జత తెచ్చి, బూటు తొడిగే రేకుతో మడమ లోపలికి తోశాడు.

"బిగుతుగా ఉందా సార్?"

"లేదు."

"నడిచి చూడండి. ఎక్కడైనా పడుతోందా?"

"లేదు."

"మీ నాన్నగారిలాంటి గిరాకీ రోజుకొకరొచ్చినా చాలమ్మా" అన్నాడు షాపువాడు.

మర్నాడు పొద్దున కూతురు ఆ బూట్లు తొడిగి, లేసులు రెండేసి ముళ్ళు వేసి, వంగినచోటి నుంచే తలెత్తి చూసింది. ఏదో అంటాడని ఎదురుచూసినట్టుంది. ఆయన ఆమె పాపిట చూశాడు. తల్లిదిలాగే కాస్త పక్కకు ఉంటుంది. లేచి ఆటో పిలవడానికి వెళ్ళిపోయిందామె.

అవార్డుల హాలులో ఉదయం నామినేషన్ వచ్చినవాళ్ళకు శిక్షణ. మెడలో ఈల వేలాడేసుకున్న స్టేజీ మేనేజరు అందర్నీ ముందు వరసల్లో కూర్చోబెట్టాడు. "చూడండి, పేర్లు చదివేటప్పుడు మీ నలుగురి మొహాలూ పెద్ద తెర మీద కనబడతాయి. చిన్నగా నవ్వండి. వేరేవాళ్ళకి వస్తే ఇంకా పెద్దగా నవ్వి, లేచి చప్పట్లు కొట్టండి. ఏది చేసినా ఓడినవాడు ఓడినట్టు కనబడకూడదు. ఏదీ, ఓడిపోయిన నవ్వు నవ్వండి!"

నలుగురిలో ఒకాయన తాతగారి వేషాల వృద్ధుడు. నామినేషన్లకు ఆయన పాతకాపు, ఆ నవ్వు నిద్రలో కూడా నవ్వగలడు. రెండోవాడు పేరున్న విలన్, మనిషి మాత్రం వెన్నముద్ద. మూడోవాడు హాస్యనటుడు. "నాకు ఓడిపోయిన నవ్వు రాదు సార్, గెలిచిన ఏడుపు వచ్చు, చూపించనా?" అని చూపించాడు కూడా. కళ్ళ వెంట నీళ్ళు టపటపా రాలాయి. మేనేజరు చప్పట్లు కొట్టాడు.

"కీర్తిశేషులు గారూ, మీరు?"

ఆయన పెదాలు రెండు పక్కలకీ లాగాడు.

"అది... అది పళ్ళడాక్టరు దగ్గర కూర్చున్నట్టుంది సార్. పోన్లెండి, సర్దుకుందాం."

విలన్ వంగి చెవిలో అన్నాడు: "అన్నగారూ, మిమ్మల్ని నేను పద్నాలుగు సినిమాల్లో చంపాను. ఈ ఒక్కసారి మీ చేతుల్లో నేను చావాలని ఉంది. మీకే రావాలి."

"అలాగే" అన్నాడాయన.

మధ్యాహ్నానికి హాలు నిండింది. పట్టుబట్టలు, సెంటు వాసనలు, ఒకరి భుజం మీంచి ఒకరిని వెతుక్కునే చూపులు. కూతురు పక్క సీట్లో నిటారుగా కూర్చుంది. తల్లి చేతి గాజులు వేసుకుంది. అవి ఆమెకు వదులు, చేయి కదిపినప్పుడల్లా జారి మణికట్టు దగ్గర గలగలమంటున్నాయి. ఆ చప్పుడు ఆయనకు తెలిసిన చప్పుడే. తెలుసునన్న సంగతి మాత్రం ఎక్కడో అవతల గదిలో ఉంది.

ఏవేవో అవార్డులు ఇచ్చారు. కొందరు వేదిక మీదికి పరిగెత్తారు, కొందరు మెట్ల మీద జారారు. ఒకాయన పుట్టినప్పటి నుంచీ తెలిసినవాళ్ళందరికీ కృతజ్ఞతలు చెబుతుంటే బాజా వాయించి దింపాల్సి వచ్చింది. తరువాత ఉత్తమ సహాయనటుడి వంతు.

ముందు నలుగురి సినిమా ముక్కలూ వేశారు. తాతగారు మనవరాలిని దీవించాడు. విలన్ ఎవరినో గోడకు కొట్టాడు. హాస్యనటుడు పెళ్ళిమండపంలోంచి పారిపోయాడు. తరువాత తెరనిండా కీర్తిశేషులు గారు చచ్చి పడుకుని ఉన్నారు. హాలంతా సద్దుమణిగింది.

తనని తాను చూసుకున్నాడు. బాగానే పోయాడు, గడ్డం కింద మడత ఒక్కటే కాస్త బతికినట్టుంది అనుకున్నాడు. ఆ తరువాత ఆయన చూపు తనంతట తానే తెర ఎడమ అంచుకు వెళ్ళింది. బొమ్మ అక్కడిదాకానే. దాని అవతల నల్ల పరదా. బొమ్మని ఇంకో మూరెడు ఇటు జరిపి తీసుంటే రేకు స్టూలు కనబడేది. ఒళ్ళో క్యారేజీ, దాని మీద చేయి, చేతికి ఆ గాజులు. మూరెడు చాలు. ఆయన ఆ అంచు వైపే చూస్తుండగా ముక్క అయిపోయింది.

"నిశ్శబ్దం!" అన్నాడు స్టేజీ మేనేజరు ముందు వరసల వైపు చేయెత్తి. "కెమెరాలు!"

ఎదురుగా కెమెరా మీద ఎర్రదీపం వెలిగింది. పైనుంచి తెల్లటి లైటు నెత్తిమీద పడింది.

ముందు బొటనవేలు పోయింది.

వద్దు, ఇక్కడ కాదు అనుకున్నాడు గానీ అప్పటికే మోకాళ్ళు లేవు. నడుము పోయింది. ఊపిరి దారప్పోగయింది. దవడ కాస్త జారింది. రెప్పలు సగం దిగి ఆగాయి. పెద్ద తెర మీద నాలుగు మొహాలు: మూడు నవ్వు మొహాలు, ఒక పీనుగ. హాలంతా ఒక్కసారిగా ఘొల్లుమంది. ఎవరో ఈల వేశారు, ఎవరో "ఆహా, కీర్తిశేషులూ!" అని అరిచారు. వేళాకోళం చేస్తున్నాడనుకున్నారు. చప్పట్లు దద్దరిల్లాయి.

అన్నీ వినబడుతున్నాయి. కవరు చింపిన చప్పుడు. హాస్యనటుడి పేరు. విలన్ లేచి నిలబడుతూ "అన్నగారూ, లేవండి, లేచి చప్పట్లు కొట్టాలి" అనడం. "సార్, నవ్వండి, నవ్వండి!" అని మేనేజరు బుసలు. పక్కన కూతురు పంటి బిగువున "చాలు నాన్నా. నవ్వారుగా అందరూ. ఇక చాలు" అనడం.

వేదిక మీద హాస్యనటుడు ఏడుస్తున్నాడు. "మా అమ్మ ఉండుంటే" అన్నాడు, గొంతు పూడుకుపోయింది. జనం అయ్యో అన్నారు. వెనక వరసల్లో కొంగులు కళ్ళకు వెళ్ళిన చప్పుడు. ఆ తరువాత బూట్ల టకటకలు. హాస్యనటుడు వచ్చి ముందు సీట్లో, తన భార్య పక్కన కూలబడ్డాడు.

"ఎలా వచ్చింది ఏడుపు?"

"బాగానే వచ్చింది. ముక్కు తుడుచుకోవడమే కొంచెం ఎక్కువైంది."

"అవునా? రెండోసారి తుడవకుండా ఉండాల్సింది కదూ?"

గాజుల చప్పుడు ఆగిపోయింది. కూతురు కూడా ఆ మాటలు విన్నదని ఆయనకు తెలిసింది.

టీ విరామం అన్నారు. లైట్లు ఆర్పారు, ఎర్రదీపం ఆరిపోయింది, సీట్లు టపటపా ముడుచుకున్నాయి. జనం కబుర్లాడుకుంటూ బయటికి పోతున్నారు. కీర్తిశేషులు గారు అలాగే ఉన్నారు. చాలాసేపు పక్కసీట్లోంచి ఏ చప్పుడూ లేదు. వెళ్ళిపోయిందేమో అనుకున్నాడు. అలా అనుకున్నా ఏమీ అనిపించలేదు.

అప్పుడు ఆమె ఊపిరి మొహం దగ్గర తగిలింది.

"నాన్నా. ఆ రోజు ఆసుపత్రిలో నర్సు కూడా నిశ్శబ్దం అనే అంది కదూ? లైటు కూడా వేశారు కదూ?"

ఆయన చెప్పలేడు.

"అప్పట్నుంచి ఇలాగే ఉన్నావా? ఇన్ని నెలలూ? నేను నిన్ను... అయ్యో నాన్నా."

బట్టల గరగర. కింద కూర్చున్నట్టుంది. లేసుతో కుస్తీ మొదలైంది. పొద్దున తనే వేసిన రెండు ముళ్ళు ఇప్పుడు తనకే రావడం లేదు. గోటితో లాగింది, పంటితో కూడా లాగింది. పోతున్న ఆడవాళ్ళెవరో ఆగి "ఏమయిందమ్మా ఈయనకి? పోయారా ఏంటి?" అన్నారు.

విలన్ గొంతు దగ్గరగా వచ్చింది. "ఏమ్మా, డాక్టర్ని పిలవనా?"

"వద్దు బాబాయ్. బతికే ఉన్నాడు. బూటు ఊడిరావాలి, అంతే."

"లే, ఇలా ఇవ్వు."

వందలమందిని చంపిన ఆ చేతులు మడమ పట్టుకుని, ముడి తెంపి, బూటును ఒక్క గుంజు గుంజాయి. మేజోడు తీసిన చప్పుడు కూడా వినబడింది. ఆ తరువాత క్షణం ఏమీ లేదు. ఏ పిల్లయినా చిన్నప్పటినుంచీ అడిగినది చేతికొస్తే అలాగే కాసేపు ఆగుతుంది.

నొక్కింది. ఉన్న బలమంతా పెట్టి నొక్కింది.

"ఇక లేవండి" అంది, వాళ్ళమ్మ అన్నట్టే. "అయిపోయింది."

"అబ్బా!"

హాలు గుమ్మం దాకా వినబడింది ఆ కేక. కీర్తిశేషులు గారు ఒక కన్ను తెరిచి, కాలి దగ్గర కూర్చున్న కూతురిని చూశారు. దవడ యథాస్థానానికి రావడానికి కొంచెం సేపు పట్టింది.

"మీ అమ్మ ఇంత గట్టిగా నొక్కేది కాదు."

"నాకేం తెలుసు?" అంది కూతురు. "ఒక్కసారైనా నన్ను నొక్కనిచ్చిందా?"

విలన్ మొహం పక్కకు తిప్పుకుని, నీళ్ళు తెస్తానని వెళ్ళిపోయాడు.

ఆయన తన కాలు వైపు చూసుకున్నాడు. బొటనవేలు పక్కన, మడమ మీద, పెద్ద పెద్ద బొబ్బలు లేచి చితికి ఉన్నాయి. మేజోడుకు రక్తం అంటుకుంది.

"ఎప్పట్నుంచి కరుస్తోంది ఈ బూటు?"

"పొద్దున్నుంచీ అనుకుంటా."

"చెప్పొద్దూ?"

"ఇప్పుడే తెలిసింది" అన్నాడాయన. బొబ్బ మీద వేలు పెట్టి "మండుతోంది" అన్నాడు, కొత్త ఊరి పేరు చదివినట్టు.

మిగిలిన అవార్డులకు వాళ్ళు ఉండలేదు. ఇంకా పొద్దు ఉండగానే బయటికి వచ్చి ఇంటి బస్సెక్కారు. ఆయన ఎడమకాలు వట్టిది, కుడికాలికి నిగనిగలాడే బూటు. అదీ విప్పమంటే కుడికాలు ఇంకా రాలేదు, అది వచ్చాక చూద్దాం అన్నాడు. కండక్టరు ఆ కాళ్ళ వంక ఎగాదిగా చూసి "ఒంటికాలికి సగం టిక్కెట్టు కుదరదు పెద్దాయనా" అన్నాడు. ఊడిన బూటు కూతురి ఒళ్ళో ఉంది. దాని మీద ఆమె చేయి, చేతికి గాజులు. బస్సు కుదిపినప్పుడల్లా అవి గలగలమంటున్నాయి. ఈసారి ఆ చప్పుడు అవతల గదిలోంచి కాకుండా గుమ్మం దాకా వచ్చి వినబడుతోంది. కిటికీలోంచి దుకాణాలు, గోడలు, ఆరేసిన బట్టలు వెనక్కి పోతున్నాయి. ఆయన వాటినే చూస్తూ కూర్చున్నాడు. మొహంలో ఏమీ లేదు.

చాలా స్టాపులు దాటాక అడిగాడు.

"రేపు పొద్దున నీ బండి కదూ?"

"బండ్లు రోజూ ఉంటాయి."

ఇంకో స్టాపు వచ్చింది. ఎవరో దిగారు, ఎవరో ఎక్కారు.

"ఎక్కడిదాకా వచ్చింది నాన్నా?" అంది కూతురు.

ఆయన లోపలికి చూసుకుని, నిజాయితీగా వెతికి చెప్పాడు.

"మోకాలు దాకా."

"సరే" అందామె, బూటును ఒళ్ళో సర్దుకుంటూ. "నెమ్మదిగా రానీ. తొందరేం లేదు."